ఓడ తేదీకి అతకని ఎముక

గుమ్మం దాటినప్పుడల్లా సరోజిని చిన్నగా ఎగిరి, కుడిచేత్తో ద్వారబంధం పైచెక్కను తాకుతుంది. ఆమెకు యాభై మూడేళ్ళు. పోర్ట్ బ్లెయిర్ డెలానీపూర్‌లో ప్రభుత్వ గుమస్తా. ఆఫీసు గుమ్మానికి ఒక్కచోటే రంగు పోయింది.

తాత శ్రీకాకుళం వైపు నుంచి ఈ దీవికి వచ్చాడు. ఆమె పుట్టింది ఈ ఊళ్ళోనే. సముద్రం దాటి ఎన్నడూ పోలేదు. ఈ ఏడు ఉద్యోగుల త్రోబాల్ జట్టు విశాఖపట్నం వెళుతోంది. యాభై దాటిన ఆడవాళ్ళ పోటీ. జట్టులో ఆమె పేరుంది.

పేర్లు ఖరారైన వారమే, సిమెంటు కోర్టులో బంతి కోసం వెనక్కి అడుగులేస్తూ పడింది. కుడి అరచేయి నేలకు ఆనించింది. మణికట్టు విరిగింది.

"ఆరు వారాలు," అంది డాక్టరమ్మ, పిండికట్టు వేస్తూ.

"పదకొండేళ్ళప్పుడు ఖోఖో ఆడి ఇదే చెయ్యి ఇరగ్గొట్టుకున్నాను మేడమ్. మూడు వారాలకే అతికిపోనాది."

"అప్పుడది పచ్చికొమ్మ, దీదీ. వంగింది, అతుక్కుంది. నెలసరి ఆగి ఎన్నేళ్ళు?"

"ఎనిమిది."

"పాలు తాగుతారా?"

"టీలో పడినన్ని."

"ఏడాదంతా కుర్చీలో కూర్చుంటారు. పోటీ ఉందంటే పది రోజులు గెంతుతారు. లోపల ఎముక పలచబడింది. మళ్ళీ పడితే తుంటి పోతుంది."

విశాఖపట్నం ఓడ నాలుగో వారం చివర. ఆడలేని మనిషికి చోటు లేదని జట్టు పెద్ద కనకదుర్గ ముందే చెప్పింది.

ఇక్కడ పెళ్ళి, ఆపరేషన్, గృహప్రవేశం, అన్నీ ఓడ తేదీ చూసుకునే పెట్టుకుంటారు. సరోజిని ఎముకను కూడా అలాగే లెక్కవేసింది.

విమానాశ్రయం పక్కన లంబాలైన్‌లో ఇల్లు. నాలుగు వారాలు ఒకటే కిటికీ. విమానాలు దిగాయి, లేచాయి. కట్టు కింద దురద పెట్టేది. అక్కడికి వేలు పోదు. భర్త సత్యారావు ఆమెకు జడ వేశాడు. రోజూ వంకరగానే వచ్చింది.

ఓడకు ముందురోజు సాయంత్రం కట్టును బకెట్‌లో నానబెట్టి, కత్తెరతో కోసేసింది.

సత్యారావు గుమ్మంలోనే ఆగిపోయాడు. "ఏటే, కొబ్బరిబోండం అనుకున్నావా కోసీడానికి?"

"దేఖో, బాగానే ఉంది. బంతి ఇసురు."

"నాను ఇసరను."

"ఇసరవయ్యా!"

అతను పసిపిల్లకు వేసినట్టు మెల్లగా వేశాడు. బంతి అరచేతికి తగిలి కింద పడింది. ఆమె గోడ పట్టుకుని కూర్చుంది. మణికట్టు కాస్త పక్కకు వంగి ఉంది. ఇద్దరూ చూశారు.

అతను బంతి తీసి పక్కన పెట్టాడు. "ఓడ మళ్ళీ వస్తాది కదే."

"జట్టు రాదు."

ఎడమచేత్తో ఫోను అందుకుంది. "దుర్గా దీదీ, నా బదులు మహాలక్ష్మమ్మను రాసుకో," అంది. అవతల ఏదో అడుగుతుండగానే పెట్టేసింది.

మర్నాడు జట్టు ఓడ ఎక్కే వేళకు సరోజిని ఆస్పత్రి చీటీల వరసలో నిలబడింది. కిటికీలోంచి వయసు అడిగారు. యాభై మూడు అని చెప్పి, చీటీ తీసుకుని, మళ్ళీ కట్టు వేయించుకోవడానికి లోపలికి వెళ్ళింది.