మచ్చల రేకు

నిన్న ఇస్త్రీపెట్టె బాగుచేయించాను. మెకానిక్ లోపలి నుంచి అభ్రకం రేకు తీసి బల్లమీద పెట్టాడు. అలవాటు ఎక్కడికి పోతుంది? వెలుతురుకెత్తి చూశాను.

ఆత్మకూరు దగ్గరి గనిలో మా నాయన పలుగురాయికి బెజ్జాలు తొలిచేవాడు. ఆ రాయి పగిలితేనే అభ్రకం బయటపడేది. పైన షెడ్డులో అమ్మ దాన్ని రేకులుగా చీల్చేది. నేను పక్కన కూర్చుని ప్రతి రేకునూ ఎండకెత్తి చూసేదాన్ని. తేటగా ఉంటే గంపలోకి, మచ్చలుంటే చెత్తగుట్ట మీదకి. ఏడేళ్లకే నా కన్ను తప్పదని పేరు.

నాయనకు దగ్గు ముదిరితే నెల్లూరు ఆసుపత్రికి వెళ్లాం. డాక్టరు ఒక నల్లటి రేకును కిటికీ వైపు ఎత్తి చూస్తూ నిలబడిపోయాడు. అంత పెద్ద రేకు నేనెన్నడూ చూడలేదు. నిండా తెల్లటి చుక్కలు. ఆయనకు తెలియడం లేదేమో అనుకున్నాను.

"అది పనికిరాదు సార్. అంతా మచ్చలే ఉండాయి. చెత్తలో ఎయ్యాల."

అమ్మ నా నోరు మూసింది. నాయన మాత్రం దగ్గుతూనే నవ్వాడు.

"బిడ్డ సరిగ్గానే చెప్పినాది సార్. దాని కన్ను తప్పదు."

డాక్టరు కాదనలేదు.

అది నాయన రొమ్ము ఫోటో అని దారిలో అమ్మ చెప్పింది. ఆ చుక్కలు పలుగురాయి పొడి అనీ, ఊపిరిలో చేరితే ఇక బయటికి రాదనీ పెద్దయ్యాక తెలిసింది.

సోమవారం నాయన మళ్లీ గనిలోకి దిగాడు. ఆ రోజు నేను మచ్చలున్న రేకుల్ని కూడా గంపలోనే వేశాను. మేస్త్రీ చూడకముందే అమ్మ వాటిని ఏరి, ఒక్కొక్కటే చెత్తగుట్ట మీదకి విసిరేసింది.