ఏనుగు దాటిన వైపు

గనులు జోరుగా నడుస్తున్న రోజులవి. సండూరు నుంచి తోరణగల్లు వెళ్లే బస్సులో, అద్దం లేని కిటికీ పక్కన కూర్చుని, అయస్కాంతాల చదరంగం పలక మీద నాతో నేనే ఆడుకుంటున్నాను. మా తాత నేర్పినట్టు రాజును ఒకసారి గుర్రంలా దూకించాను. పక్క సీట్లోని తెల్లచొక్కా ఆయన ఊరుకోలేకపోయాడు.

“ఏందప్పా, రాజును గుర్రం చేస్తాండావు?”

“మా ఊర్లో ఇట్లే ఆడేదన్నా.”

“పోటీల్లో ఒప్పుకోరు. కోట కట్టల్ల. రాజూ, మూల ఏనుగూ అప్పటిదాకా కదిలుండగూడదు, నడుమ ఎవరూ ఉండగూడదు. రాజు ఏనుగు తట్టు రెండు గళ్లు జరుగుతాడు. ఏనుగు ఆయప్పను దాటి అవతల నిలబడతాది.”

“దాటేదెందుకన్నా?”

ఆయన జవాబు చెప్పేలోగా ఎదురుగా ఇనుపరాయి లారీల వరస వచ్చింది. కిటికీలోంచి ఎర్రదుమ్ము కొట్టింది. నాకు ఉబ్బసం. దగ్గు తెరలో ఊపిరి అందలేదు.

“ఇట్ల జరుగప్పా,” అంటూ లేచి, నన్ను తన సీట్లోకి లాగి, నా మోకాళ్లు దాటి వెళ్లి, కిటికీకి వీపు అడ్డం పెట్టాడు.

నా దగ్గు తగ్గాక, “ఏనుగు దాటేది ఇందుకే,” అన్నాడు.

తోరణగల్లులో దిగేటప్పటికి ఆయన చొక్కా వీపంతా ఎర్రగా ఉంది. పేరైనా అడగలేదు నేను. ఇప్పటికీ కోట కట్టేటప్పుడు, రాజును జరిపాక ఏనుగును కాసేపు చేతిలో పట్టుకుని, ఆ తర్వాతే కింద పెడతాను.