ఆరంగ్ దాకా దిగకుండా

రాయపూర్ నుంచి ఆరంగ్ నలభై కిలోమీటర్లు కూడా ఉండదు. బస్సులో గంట, మహా అయితే గంటంబావు. ఈ మాత్రం దూరానికి ప్రయాణ అనుభవం రాయడమేమిటని మీరనుకుంటే తప్పులేదు. కిందటి వానాకాలంలో ఇదే దారిలో వెళ్తూ నేను సగంలో, మందిర్ హసౌద్ దగ్గర, బస్సు దిగిపోయాను. బస్సు బాగానే ఉంది, రోడ్డు బాగానే ఉంది. నా గుండె మాత్రం దడదడలాడింది, అరచేతులు తడిసిపోయాయి, ఇంకాసేపు లోపలుంటే ఊపిరాడక పడిపోతాననిపించింది. డాడీ స్కూటర్ మీద వచ్చి ఇంటికి తీసుకెళ్లారు. ఆ తర్వాత నేను బస్సెక్కలేదు. కొన్నాళ్లకు షేర్ ఆటో మానేశాను, తర్వాత సినిమా హాలు, చివరికి లిఫ్టు కూడా. ఒకచోట కుదురుగా కూర్చోదని చిన్నప్పటి నుంచి తిట్లు తిన్న పిల్లని, ఇంట్లో కిటికీ పక్క కుర్చీకి అతుక్కుపోయాను.

మళ్లీ బయల్దేరడానికి కారణం ఒక ఉద్యోగం. ఆరంగ్‌లో ఒక ప్రైవేటు బడిలో బయాలజీ టీచరు కావాలన్నారు. నేను బోటనీలో ఎమ్మెస్సీ. ఇంటర్వ్యూ వీడియో కాల్‌లోనే అయిపోయింది. ప్రిన్సిపల్‌గారు శనివారం సాయంత్రం లోపల మాట చెప్పమన్నారు. లేకపోతే తర్వాతి మనిషిని పిలుస్తామన్నారు. పాఠం చెప్పగలనా అన్న అనుమానం నాకు లేదు. రోజూ ఆ బస్సులో పోయి రాగలనా అన్నదే ప్రశ్న. ఇంట్లో కూర్చుని ఆలోచిస్తే దీనికి జవాబు దొరకదు కాబట్టి శనివారం పొద్దున్నే ఒక్కదాన్నే వెళ్లి, బడి చూసి, తిరిగి రావాలని నిశ్చయించుకున్నాను. నియమం ఒకటే, ఎక్కిన బస్సు మధ్యలో దిగకూడదు.

శంకర్ నగర్‌లో నేను చూపించుకుంటున్న కౌన్సెలర్ మేడమ్‌కి ఈ ఆలోచన నచ్చింది. "భయం వస్తుంది, రానివ్వండి. అది తగ్గేదాకా అక్కడే ఉండండి. పారిపోయిన ప్రతిసారీ ఆ చోటును దానికి రాసిచ్చేసినట్టే" అన్నారావిడ హిందీలో. తలుపు పక్క సీటు వద్దన్నారు. దారి పొడవునా మమ్మీతో ఫోన్ మాట్లాడుతూ పోవడం కూడా వద్దన్నారు. నేను మమ్మీకి ఒక్కదానికే విషయం చెప్పి, ఎవరికీ చెప్పొద్దని మాట తీసుకున్నాను. "నేనెవరికి చెప్తానే" అంది మమ్మీ.

మా ఇల్లు రైల్వే కాలనీలో. కృష్ణా జిల్లా నుంచి తాతయ్య కాలంలో ఉద్యోగాలకొచ్చిన తెలుగు క్రైస్తవ కుటుంబాలు మా చుట్టూ పాతిక దాకా ఉంటాయి. శుక్రవారం సాయంత్రం ఆడవాళ్లందరూ ఎవరో ఒకరింట్లో ప్రార్థనకు చేరతారు. అక్కడ ఒక్కొక్కరూ ప్రార్థన అంశం చెప్పాలి. ఒకరి మోకాలి నొప్పి, ఒకరి కొడుకు పరీక్ష, ఒకరి ట్రాన్స్‌ఫర్. అంశం చెప్పకుండా ఊరికే కూర్చుని రావడం మమ్మీకి చేతకాదు. ఆ సంగతి నాకు ముందే తట్టాల్సింది.

ఎనిమిది గంటల వేళ ఈ-రిక్షాలో తేలీబాంధా చౌక్ చేరాను. మహాసముంద్ వైపు వెళ్లే బస్సులు ఇక్కడ ఆగుతాయి, పావుగంటకొకటి దొరుకుతుంది. టికెట్టు యాభై లోపే. బస్సు మధ్యలో, కిటికీ పక్కన కూర్చున్నాను. నా పక్కన ఖాళీ గంపతో ఒక పెద్దావిడ కూర్చుంది, రాయపూర్ మార్కెట్లో కూరగాయలు అమ్మేసి ఊరికి పోతోంది. బస్సు ఊరు దాటుతుండగానే ఫోన్ మోగింది. మా వీధి చివరింటి మనోహరి ఆంటీ, నర్సుగా చేసి రిటైరైన మనిషి.

"వందనాలమ్మా రూతూ. బస్సెక్కావా?"

"మీకెవరు చెప్పారాంటీ?"

"ఎవరూ చెప్పలేదమ్మా. మీ మమ్మీ నిన్న పేరు చెప్పకుండానే అంశం ఇచ్చింది. మా ఇంట్లో ఒకరికి బస్సంటే భయం, రేపు ప్రయాణం ఉంది, అని. మీ ఇంట్లో ఉండేది ముగ్గురేగా. మీ డాడీకి స్కూటరే ప్రాణం. మీ మమ్మీ నా పక్కనే కూర్చునుంది. ఇక మిగిలిందెవరు? సరే, కళ్లు మూసుకో, ప్రార్థన చేస్తా."

"బస్సులో ఉన్నానాంటీ."

"బస్సులో ఉన్నావనేగా చేసేది."

ఆంటీ గొంతుకు స్పీకర్ అక్కర్లేదు. ఈ బిడ్డకు ఏ భయమూ రాకుండా కాపాడు తండ్రీ అని మొదలుపెట్టి ఆవిడ గట్టిగా ప్రార్థిస్తుంటే, చిన్నప్పటి అలవాటు కొద్దీ నేను తల వంచి కళ్లు మూసుకున్నాను. పక్కనున్న పెద్దావిడ నా మోచేయి మీద మెల్లగా చేయి వేసింది.

"కా హోగే నోనీ? కోనో గుజర్ గే కా?" ఎవరైనా పోయారా అని అడుగుతోంది.

"నహీ దాయీ, మేరే లియే ప్రార్థనా హో రహీ హై" అన్నాను, నాకోసమే ప్రార్థన జరుగుతోందని.

"తోర్ బర్?" ఆవిడ నన్ను కిందికీ పైకీ చూసింది. "తైఁ త జియత్ హస్."

నీకోసమా, నువ్వు బతికే ఉన్నావు కదా అని. నాకు నవ్వొచ్చింది. ఫోన్లో ఆంటీ ఆమెన్ కోసం ఆగి ఉంది, నవ్వుతూనే ఆమెన్ చెప్పాను.

ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. ఒకరి తర్వాత ఒకరు ఫోన్ చేయడం మొదలుపెట్టారు. ఆంటీలందరూ ప్రేమగానే అడుగుతున్నారు, "ఇప్పుడెలా ఉందమ్మా?" అని. అడిగిన ప్రతిసారీ నేను జవాబు కోసం లోపలికి తొంగి చూసుకోవాల్సి వస్తోంది. గుండె ఎలా కొట్టుకుంటోంది, ఊపిరి సరిగా ఆడుతోందా, చేతులు చల్లబడ్డాయా. అలా చూసుకుంటూ కూర్చుంటే బాగున్న మనిషికి కూడా ఏదో ఒకటి కనిపిస్తుంది. బస్సు మందిర్ హసౌద్ చేరి జనం కోసం ఆగేసరికి నాకు అన్నీ కనిపించాయి. ఇంజను ఆపలేదు, బస్సంతా వణుకుతోంది. కండక్టర్ కిందికి దిగి "ఆరంగ్, మహాసముంద్" అని అరుస్తున్నాడు. తలుపు తెరిచే ఉంది. అవతల నేను పోయినసారి డాడీ కోసం నిలబడ్డ కిరాణా కొట్టు కనిపిస్తోంది. చెవుల్లో హోరు. నేనెప్పుడు లేచానో తెలియదు, ముందు సీటు కడ్డీ పట్టుకుని సగం నిలబడి ఉన్నాను. ఫోన్ మళ్లీ మోగింది. మనోహరి ఆంటీ.

"ఎలా ఉందమ్మా?"

"ఆంటీ, నాకు భయం రాకూడదని ప్రార్థన చేయకండి. అది వస్తుంది. వచ్చింది కూడా. నేను ఈ బస్సు దిగకూడదని చేయండి."

"ఇట్టాంటి అంశం ఇంతవరకూ ఎవరూ ఇవ్వలేదే" అందావిడ. "సరేలే, అట్టాగే చేద్దాం. నువ్వు ఫోన్ పెట్టెయ్. మిగతావాళ్లకి నేను చెప్తా, ఇక ఒక్కరు కూడా నీకు ఫోన్ చెయ్యరు."

కండక్టర్ తలుపు దగ్గర్నుంచి నన్నే చూస్తున్నాడు. "మేడమ్, ఉతర్‌నా హై క్యా?" దిగాలా అని.

"నహీ. ఆరంగ్" అన్నాను. గొంతు నాది కానట్టు వచ్చింది. కూర్చున్నాను.

పెద్దావిడ ఏమైందని అడిగితే కొంచెం గాభరాగా ఉందని చెప్పాను. ఆవిడ కొంగు ముడి విప్పి వేయించిన శనగలు నా చేతిలో పోసింది. నోరెండిపోయి ఉంటే శనగలు నమలడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. అయినా నమిలాను. బస్సు కదిలాక కూడా చాలాసేపు గుండె అలాగే కొట్టుకుంది. దాన్ని ఆపడానికి నేనేమీ చేయలేదు, కొట్టుకోనిచ్చాను. రోడ్డుకు రెండు వైపులా వరి కోతలు నడుస్తున్నాయి. ఒక పొలంలో కోత యంత్రం బురదలో కూరుకుపోతే నలుగురు నిలబడి తలో సలహా ఇస్తున్నారు, ఎవరూ చేయి వేయడం లేదు. వాళ్లను చూసి ఎవరు ముందు దిగుతారా అని పందెం కట్టుకుంటున్నాను లోపల్లోపల. పొలం వెనకబడ్డాక గానీ గమనించలేదు, నా గుండె సంగతి కాసేపటి నుంచి నేను పట్టించుకోలేదని.

ఆరంగ్‌లో దిగగానే ఆకలేసింది. బజారులో ఒక చిన్న హోటల్లో చీలా తిన్నాను. బియ్యప్పిండితో వేసే మెత్తటి అట్టు, పక్కన టమాటా పచ్చడి, పచ్చిమిర్చి బాగా దట్టించింది. పెనం దగ్గరున్నావిడ నా మాట విని "మద్రాసీ హో?" అంది. రాయపూర్‌లో పుట్టానంటే నమ్మలేదు, మా దోశల కంటే చీలా మంచిదని ఒప్పుకుంటేనే ఇంకొకటి వేస్తానంది. ఒప్పుకున్నాను. అక్కడి నుంచి నడిచిపోయే దూరంలోనే భాండ్ దేవల్ ఉంది, పాత జైన గుడి. బయటి గోడల మీద అడుగు ఖాళీ లేకుండా శిల్పాలు, లోపల నల్లరాతి తీర్థంకరులు. నేను వెళ్లినప్పుడు టికెట్టేమీ అడగలేదు. మీకు తీరికుంటే గంటసేపు కేటాయించండి. నేను గర్భగుడి ఇరుకులో కావాలనే కాసేపు నిలబడి వచ్చాను.

బడి శనివారం ఒంటిపూట. ప్రిన్సిపల్‌గారు నన్ను తరగతులన్నీ తిప్పి చూపించారు. లేబొరేటరీలో రెండు మైక్రోస్కోపులున్నాయి, ఒకటి పనిచేస్తుంది. పిల్లలు నన్ను చూడ్డానికి కిటికీల దగ్గర మూగారు. నాకు అక్కడే ఉండిపోవాలనిపించింది. ఆయన మాత్రం సూటిగా అడిగారు, "రోజ్ ఆ పాయేంగీ? రాయపూర్ సే జో ఆతే హైఁ, దో మహీనే మేఁ ఛోడ్ దేతే హైఁ." రోజూ రాగలరా అని. రాయపూర్ నుంచి వచ్చి రెండు నెలలకే మానేసే వాళ్లను చూసి విసిగిపోయారాయన. రాగలనని నోటిదాకా వచ్చింది. వచ్చిన దారి ఒకటి గడిచింది గానీ తిరుగు దారి ఇంకా ఉంది. సాయంత్రం చెప్తానన్నాను. ఆయన ముఖంలో ఆశ తగ్గడం కనిపించింది.

తిరుగు బస్సులో నిలబడడానికే చోటు దొరికింది. శనివారం మధ్యాహ్నం రాయపూర్ వెళ్లే జనం, పెళ్లి సామాన్లు, ఒక టేబుల్ ఫ్యాను. పొద్దున కన్నా గట్టిగా వచ్చింది భయం ఈసారి. కిటికీ లేదు, శనగలు లేవు, పరిచయమైన ముఖం లేదు. ఫోన్ కూడా మోగలేదు, ఆంటీ మాట నిలబెట్టుకుంది. మందిర్ హసౌద్‌లో బస్సు ఆగింది. దిగేవాళ్లు నన్ను తోసుకుంటూ దిగుతున్నారు, వాళ్లతో పాటు నన్ను నేను వదిలేస్తే చాలు. ఇంటికెళ్లి తేరుకుని, బాగా ఆలోచించి ప్రిన్సిపల్‌గారికి చెప్పాలనుకున్నదాన్ని. తేరుకున్నాక నేనెప్పుడూ ఒకే నిర్ణయం తీసుకున్నానని అప్పుడు గుర్తొచ్చింది, ఇంకొన్నాళ్లు ఆగుదామని. ఒక చేత్తో పై కడ్డీ పట్టుకుని, రెండో చేత్తో ఆయనకు ఫోన్ చేశాను.

"సర్, మైఁ ఆవూఁగీ. సోమవార్ సే." సోమవారం నుంచి వస్తానన్నాను.

"ఆవాజ్ నహీఁ ఆ రహీ. కహాఁ హైఁ ఆప్?" వినపడడం లేదు, ఎక్కడున్నారని.

"బస్ మేఁ హూఁ, సర్. మందిర్ హసౌద్." రెండోసారి గట్టిగా చెప్పాను, బస్సులో సగం మంది తిరిగి చూశారు. "సోమవార్ సే ఆవూఁగీ."

"ఠీక్ హై. సాఢే సాత్ బజే" అన్నారాయన, ఏడున్నరకు రమ్మని. అంతే. ఫోన్ జేబులో పెట్టి రెండు చేతులతోనూ కడ్డీ పట్టుకున్నాను. తలుపు మూసుకుంది, బస్సు కదిలింది, నేను లోపలే ఉన్నాను.

ఇంటికొచ్చి చెప్తే మమ్మీ ముందు ఏడ్చింది, తర్వాత కళ్లు తుడుచుకుని, "ఇదన్నా చెప్పుకోనిస్తావా, ఇదీ సీక్రెట్టేనా?" అంది. చెప్పుకోమన్నాను.

ఈ ప్రయాణంతో నాకు నయమైపోయిందని రాయలేను. భయం సోమవారం వచ్చింది, మంగళవారం వచ్చింది, ఆ తర్వాత కూడా కొన్ని రోజులు వచ్చింది. భయం పోయాక బతుకు మొదలుపెడదామని ఇన్నాళ్లూ ఎదురుచూశాను. అది నన్ను అడిగి రాదు, అడిగి పోదు. నేను మాత్రం ఏడున్నరకల్లా క్లాసులో ఉండాలి. మనవాళ్లు మన గురించి కంగారుపడడం ఆపలేం, ఆపాలని కూడా లేదు నాకు. ఏం అడగాలో వాళ్లకు మనమే చెప్పొచ్చు. మా ఇంట్లో ఇప్పుడు "ఎలా ఉంది?" అని అడగరు, "ఎక్కడిదాకా వచ్చావ్?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు కిటికీలోంచి చూసి చెప్పొచ్చు.

ఈ దారిలో వెళ్లేవాళ్లకు ఒక మాట. హైవే బస్సుల్లో కొన్ని ఆరంగ్ ఊళ్లోకి పోవు, బైపాస్ దగ్గరే దించేస్తాయి, అక్కడి నుంచి ఆటో వెతుక్కోవాలి. అందుకని ఊళ్లోకి వెళ్తుందా లేదా అని కండక్టర్‌ని ఎక్కే ముందే అడగండి. ఎక్కాక అడిగితే, మీరూ నాలాంటివాళ్లయితే, దిగిపోవడానికి అదొక సాకవుతుంది.