తిన్నవాళ్లే మొయ్యాలి

మీ ఇంటి పాయిఖానా మీ చేత్తో మీరు కడిగింది ఎప్పుడు? గుర్తు తెచ్చుకోవాల్సి వస్తోందంటే ఈ నాలుగు మాటలూ మీకోసమే.

హవాయిలోని పెద్ద దీవిలో, వానలు విడవకుండా కురిసే తూర్పు వైపు, ఒక వేసవంతా పొలం పని చేశాను. అక్కడ దున్నరు, మందులు కొట్టరు. అరటి కింద చేమ, సీమపనస నీడలో అల్లం, ఒకదాన్నొకటి కాచుకుంటూ పెరుగుతాయి. పని చేసినవాళ్లకు తిండీ, రేకుల గదిలో మంచమూ ఇస్తారు. మేముండే కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లో, ఆకాశం నెలల తరబడి ఎండిపోయి ఉన్నప్పుడు ఆ రేకుల మీది వాన చప్పుడే నాకు గుర్తొస్తుంది. నల్లరాతి సందులో గునపం ఖంగుమనడం, తడి మట్టి వాసన, ఒంటినిండా దోమకాట్లు. అన్నీ మళ్లీ కావాలనిపిస్తుంది.

నాతోపాటు మా స్నేహితుల కూతురు వచ్చింది. కాలేజీ పిల్ల. ఆ వేసవంతా మట్టిలో ఉండి తీరాలని దాని పంతం. నేనుంటానని మాటిస్తే గానీ వాళ్లమ్మ పంపలేదు. కొన్నాళ్లకు చూసిపోదామని ఆవిడే దిగింది. దిగగానే గొడవ.

ఆ పొలంలో ఫ్లష్ లేదు. మరుగుదొడ్డిలో పెద్ద డబ్బా ఉంటుంది. వాడిన ప్రతిసారీ రంపపుపొట్టు చల్లాలి. నిండాక మోసుకెళ్లి కుప్పలో పోసి, ఆకులు కప్పి, ఏడాదికి పైగా మాగనిచ్చి పండ్లచెట్లకు వేస్తారు. అందరికీ వంతులున్నాయి. మర్నాడు వంతు పిల్లది.

"ఛీ! ఇదా నీ ఆర్గానిక్కు? బ్యాగ్ ప్యాక్ చేయి. రేపే ఫ్లైట్ బుక్ చేస్తున్నా."

"మమ్మీ, ఇట్స్ జస్ట్ కంపోస్ట్. ఎవ్రీబడీ చేస్తారు ఇక్కడ."

"మనింటా వంటా ఎవరైనా చేశారా ఈ పని?"

నా నోరు ఊరుకోదు. "గృహప్రవేశానికి ఆవుపేడ కోసం కాలిఫోర్నియా అంతా డ్రైవ్ చేశావు కదమ్మా. దానికి లేని మైల దీనికెందుకు?"

"మీ ఉపన్యాసాలు నా దగ్గరొద్దన్నయ్యా. మిమ్మల్ని నమ్మి పంపాను."

కొందరి చేత ఎత్తించి, ఎత్తినవాళ్లనే అంటరానివాళ్లని చేసిన దుర్మార్గం మనది. అది సూట్‌కేసులో సముద్రాలు దాటి వచ్చిందని ఇంకా ఏదో అన్నాను. ఆవిడ ఫోన్‌లో టికెట్లు వెతుకుతూనే ఉంది. పిల్ల మాత్రం వెళ్లనంది.

పొద్దున్నే ఆవిడ బేరానికి దిగింది. అందరికీ పులిహోర చేసి, కూతురి వంతు ఇంకెవరికైనా ఇమ్మంది. పొలం యజమానురాలు ముసలావిడ. మారు వడ్డించుకుని తిని చెప్పింది: "చాలా బాగుంది. కానీ ఇక్కడ వంతు మార్చుకోవడం ఉండదు. తిన్నవాళ్లే మొయ్యాలి. మొయ్యలేనివాళ్లు వెళ్లిపోవచ్చు."

పిల్ల లేచింది. డబ్బాకు రెండు వైపులా పిడులున్నాయి. పిల్ల మాత్రం ఒక్కతే. వానకు తడిసిన రాతిబాట మీద డబ్బాను ఈడ్చింది, జారింది, మళ్లీ పట్టుకుంది. ఎవరివైపూ చూడలేదు.

"నడుం పట్టేస్తుందే, ఆగు!"

తల్లి చున్నీ నడుముకు బిగించి రెండో పిడి అందుకుంది. ముక్కు మూసుకుందామంటే చెయ్యి ఖాళీ లేదు. కుప్ప దగ్గర ఇద్దరూ కలిసి వంచారు. ఆకులు కప్పేటప్పటికి పెత్తనం ఆవిడదే అయింది.

"అక్కడ పలచగా ఉంది చూడు. ఇంకా వెయ్యి." తర్వాత నావైపు తిరిగింది. "నవ్వింది చాలు గానీ, మీ వంతెప్పుడన్నయ్యా?"

"రేపు."

"ఉండి చూసే వెళ్తా."

చూసే వెళ్లింది, ఒక్కతే. పిల్ల వేసవంతా ఉంది. డబ్బా మోసిన రోజే, చేతులు కడుక్కున్నాక ఆ తోట బొప్పాయి కోసిస్తే, ఆవిడ కాసేపు అనుమానంగా చూసి తొక్క దాకా గీరి తినేసింది. నా వాదన చెయ్యలేని పని ఆ రెండో పిడి చేసింది.

అందుకే మీతోనూ వాదించను. రేపు మీ ఇంట్లో ఆ పని చేసేవాళ్లను ఆపండి. బ్రష్ మీరు తీసుకోండి. కడగండి.