చెవులపిల్లికి తోక పెట్టిన ఇల్లు: శామీర్‌పేటలో బొమ్మల సార్ మ్యూజియం

ఈ ప్రయాణం గురించి పరీక్షలయ్యాక తీరిగ్గా రాద్దామనుకున్నాను. అప్పటికి ఆలస్యమవుతుంది. ఒక పిల్లల పుస్తకం మళ్లీ అచ్చుకు వెళ్తోంది. దాని పేరులో మా ఇళ్లలో వాడే ఒక మాట ఉండాలా, పోవాలా అన్నది ఈ నెలాఖరుకు తేలిపోతుంది. ఆ మాట ఇంకా బతికే ఉందని చెప్పగలిగినవాళ్లు మీలో ఉన్నారని నా నమ్మకం. అందుకే ఇప్పుడే రాస్తున్నాను. వెళ్లి చూడాలనుకునేవాళ్లకు దారి వివరాలు కూడా ఇందులోనే ఉన్నాయి.

మాది మేడ్చల్. మా ఇంట్లో బడికి వెళ్లిన మొదటి మనిషిని నేనే. ఇప్పుడు బీఎడ్ చేస్తూ, శిక్షణలో భాగంగా ఒక ప్రభుత్వ బడిలో మూడో తరగతికి తెలుగు చెబుతున్నాను. పిల్లల్ని ఒకరోజు ఎక్కడికైనా తీసుకెళ్లాలని వెతుకుతుంటే, శామీర్‌పేట దాటాక ఒక రచయిత ఇల్లు మ్యూజియంగా మారిందని తెలిసింది. ఆయన పిల్లల కథలు రాసి, వాటికి బొమ్మలు కూడా తనే వేసేవారట. అక్కడివాళ్లు ఆయన్ని బొమ్మల సార్ అనేవారు. ఆయన పోయాక కూతురు భానుగారు ఆ ఇంటిని నడుపుతున్నారు. ముందు నేను చూసొద్దామని ఆదివారం పొద్దున బయలుదేరుతుంటే మా అవ్వ, అంటే నాయిన తల్లి, ఇస్త్రీ చీర కట్టుకుని గడపలో నిలబడింది.

“నువ్వెటు అవ్వా?”

“నువ్వు పోయే కాడికే. మూజియమంటే ఏందో సావకముందు నేను సూడొద్దా?”

మేడ్చల్ నుంచి శామీర్‌పేటకు నేరుగా వెళ్లే బస్సులు తక్కువ. అరగంట చూసి, అవ్వ మోకాళ్లు తలుచుకుని, ఆటో మాట్లాడాను. యాదగిరి అనే డ్రైవరు అక్కడ ఆగి తిరిగి తీసుకురావడానికి కూడా కలిపి ఆరు వందలకు ఒప్పుకున్నాడు. సికింద్రాబాద్ నుంచి వచ్చేవాళ్లకు ఇంత ఖర్చు ఉండదు. శామీర్‌పేట బస్సు గానీ, సిద్దిపేట వైపు వెళ్లే పల్లెవెలుగు గానీ ఎక్కితే చాలు. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్టే. యాప్రాల్, కౌకూర్ వాళ్లు బొల్లారం మీదుగా వచ్చి అదే రోడ్డు ఎక్కవచ్చు. శామీర్‌పేటలో దిగి బొమ్మల సార్ ఇల్లంటే ఏ ఆటో అయినా తీసుకెళ్తుంది.

దారి పొడవునా హద్దురాళ్లు పాతిన ప్లాట్లు, వాటి మధ్య అక్కడక్కడా మిగిలిన మొక్కజొన్న. గుంతలు వచ్చినప్పుడల్లా అవ్వ కడ్డీ పట్టుకుని కేక వేసింది.

“జర నిమ్మలంగ పోనియ్ బిడ్డా, నా నడుమిరుగుతది.”

“రోడ్డే గట్లుంది పెద్దమ్మా. నన్నేం జేయమంటవ్, ఆటోకు రెక్కలు గట్టాల్నా?”

“రెక్కలొద్దు గని, బ్రేకులున్నయో లేవో సూసుకో.”

పదిన్నరకు చేరాం. పెద్దవాళ్లకు టికెట్ ముప్పై రూపాయలు, పిల్లలకు లేదు. మూడు గదుల చిన్న డాబా ఇల్లు అది. మొదటి గదిలో ఆయన రాసుకున్న బల్ల, అరిగిన కుంచెలు, రంగు ఎండిపోయిన గిన్నెలు ఉన్నాయి. రెండో గదిలో ఒక్కో బొమ్మ ఎలా మారుతూ వచ్చిందో వరుసగా పెట్టారు. ఒక కోడిపుంజును తొమ్మిదిసార్లు గీశారు, చివరిదే పుస్తకంలోకి వెళ్లింది. బొమ్మలన్నీ పిల్లల కళ్ల ఎత్తులో ఉంటాయి, మనమే వంగి చూడాలి. అవ్వ నడుము ఎలాగూ వంగిపోయింది కాబట్టి నాకన్నా ముందు అన్నీ తనకే కనిపించాయి. మూడో గదిలోకి కూడా తనే ముందు వెళ్లి, అక్కడి నుంచే అరిచింది.

“ఓ పిల్లా, గిటు రా! గీ సెవులపిల్లికి గింత తోకెవడు పెట్టిండే?”

వెళ్లి చూస్తే గోడ నిండా ఒకటే బొమ్మ. పిల్లి ఒళ్లు, పిల్లి మీసాలు, నిటారుగా లేచిన తోక, తల మీద మాత్రం మూరెడు చెవులు. కింద అద్దాల పెట్టెలో పాత పుస్తకం ఉంది. అట్ట మీద ‘చెవులపిల్లి’ అని పేరు.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. మా వైపు కుందేలును చెవులపిల్లి అంటారు. మూడో తరగతి దాకా నేను కుందేలు వేరు, చెవులపిల్లి వేరు అనుకున్నాను. కుందేలు వాచకంలో ఉండేది, తెల్లగా, క్యారెట్ తింటూ. చెవులపిల్లి మా చెల్కలో, అంటే మెట్ట చేలో ఉండేది, మట్టిరంగులో, కనిపించేలోపే మాయమయ్యేది. ఇంట్లో మాట ఒకటి పుస్తకం అట్ట మీద చూడటం నాకు అదే మొదటిసారి. వంగి మళ్లీ మళ్లీ చదివాను.

పక్క గది నుంచి భానుగారు గబగబా వచ్చారు. “మామ్మగారూ, ఇందాక ఏమన్నారు? మళ్లీ అనండి.”

“సెవులపిల్లన్న. గారేంది బిడ్డా, అవ్వ అను సాలు.”

భానుగారు చెప్పిన కథ ఇది. వాళ్లది గోదావరి జిల్లా. వాళ్ల నాన్న ఉద్యోగం మీద కౌకూర్‌కు వచ్చిన కొత్తలో, పక్కింటి పాప పరుగెత్తుకొచ్చి “సార్, మా సెల్కల సెవులపిల్లి ఉర్కింది” అందట, అంటే పరుగెత్తిందని. ఆయన అదేదో వింత పిల్లి అనుకుని ఈ బొమ్మ వేసి చూపించారు. వాడకట్టు పిల్లలంతా పొట్ట పట్టుకుని నవ్వారు. తన పొరపాటు తెలిశాక ఆయన బొమ్మ చింపెయ్యలేదు, దాని మీద కథ రాశారు. కథలో ఆ బొమ్మలోని జంతువును పిల్లులు కుందేలంటాయి, కుందేళ్లు పిల్లంటాయి. చివరికి ఇద్దరి మాటా వినగలిగే చెవులు దానికే ఉన్నాయని, తమ మధ్య తగవు తీర్చడానికి రెండు గుంపులూ దాన్నే పిలుస్తాయి.

“ఇన్నేళ్ల తర్వాత ప్రచురణకర్తలు పుస్తకం మళ్లీ వేస్తామన్నారండి,” అన్నారు భానుగారు. “కానీ పేరు ‘కుందేలుపిల్లి’ అని మారుస్తారట. పాత మాట ఇప్పుడెవరికీ తెలియదంటున్నారు. అలా మారిస్తే నాన్న ఎందుకు పొరబడ్డారో ఎవరికి అర్థమవుతుంది? మా కాలనీలో ఇంటింటికీ వెళ్లి అడిగాను. ఒక్కరికీ తెలియలేదు. ఇక సరే అనేద్దామనుకుంటున్నాను.”

“కాలనీలోల్లనడిగినవా? ఆల్లు నిన్న మొన్న వచ్చిండ్రు. సెల్కల తిరిగినోల్లనడగాలె గని.”

“చెల్కలేడున్నయ్ అవ్వా, అన్ని ప్లాట్లేనాయె,” అన్నాను.

“జాగలమ్ముకున్నరు గని నాలికెలు గూడ అమ్ముకున్నరా?”

అప్పుడే యాదగిరి తలుపు దగ్గరికి వచ్చాడు. “అక్కా, ఇంకెంతసేపు? నా గిరాకీ పోతాంది.”

అవ్వ అతని చెయ్యి పట్టుకుని బొమ్మ ముందుకు లాక్కొచ్చింది. పుస్తకం పేరు కనిపించకుండా కొంగుతో పెట్టె మూసింది. “ఏందిది?”

“పిల్లి.”

“సక్కగ సూడు.”

అతను వంగాడు. “పిల్లేనే... ఆగు, గీ సెవులేంది?” గట్టిగా నవ్వాడు. “సెవులపిల్లి! ఎవలేసిండ్రో గని మస్తు పరేషాన్ జేసిండ్రు. మా కీసర కాడ గిప్పటికీ ఉర్కుతయి మేడం. మా బిడ్డ రోజూ సూస్తది.”

“మీ పాప కూడా ఆ మాటే అంటుందా?” భానుగారు ఆత్రంగా అడిగారు.

“ఇంకేమంటది? బళ్లె ర్యాబిట్ అంటది, ఇంట్ల సెవులపిల్లంటది. రెండో తరగతి.”

భానుగారు అక్కడే స్టూలు మీద కూర్చుని ప్రచురణకర్తలకు ఫోన్ చేశారు. చాలాసేపు మాట్లాడి లేచారు. నెలాఖరు దాకా ఆగుతామన్నారట. ఆ మాట వాడే ఇళ్లు ఊరి పేర్లతో సహా వస్తే పుస్తకం పేరు అలాగే ఉంచుతారు. వస్తే ఆ ఊళ్ల పేర్లు చివరి పేజీలో వేస్తారు. “ఎలా రాబట్టాలో నాకు తెలియదమ్మా,” అన్నారు నాతో. నేను రాస్తానని మాట ఇచ్చాను.

సోమవారం తరగతిలో బోర్డు మీద చెవులు పెద్దగా గీసి ఇదేంటని అడిగాను. ఎక్కువమంది ర్యాబిట్ అన్నారు, కొందరు కుందేలు అన్నారు. వెనక బెంచీ నుంచి ఒక పాప, పక్కవాళ్లు నవ్వుతారేమోనని అటూ ఇటూ చూసి, మెల్లగా చెవులపిల్లి అంది. వెంటనే ఇంకో ముగ్గురు చేతులెత్తారు. మూడు మాటలూ బోర్డు మీద ఒకే వరుసలో రాశాను. చదువుకోవడమంటే ఇంటి మాట గడప బయట వదిలి రావడమని నాకెవరూ చెప్పలేదు, నాకై నేనే అలా అనుకున్నాను. ఆ పాప అలా అనుకోకుండా పెరుగుతుందని ఇప్పుడు నాకు ఆశగా ఉంది.

పిల్లలతో వెళ్లేవాళ్లు అన్నం కట్టుకుని వెళ్లండి. దగ్గర్లో హోటళ్లు లేవు, పెరట్లో కూర్చుని తిననిస్తారు. సోమవారం సెలవు.

ఇక నా విన్నపం. చెవులపిల్లి అనే మాట మీ ఇంట్లో ఎవరంటారో, మీది ఏ ఊరో కింద వ్యాఖ్యల్లో రాయండి. రాయడం రాని పెద్దవాళ్లుంటే వాళ్లు చెప్పింది చెప్పినట్టు మీరు రాయండి. మొదటి వ్యాఖ్య మా అవ్వ చెబితే నేను రాసిందే. ఈ నెల ఇరవై ఐదో తేదీ సాయంత్రంలోగా మీ జవాబు అందాలి. మర్నాడు పొద్దున అవ్వా నేనూ అవన్నీ పట్టుకుని భానుగారి దగ్గరికి వెళ్తాం.