తుప్పు కారు, తువ్వాల కింద బేరం

తుప్పు పట్టిన పాత కారులో ప్రాణం ఉందో లేదో తేల్చడానికి నాకు పెద్దగా సమయం పట్టదు. బానెట్ ఎత్తి ఇంజను చూసేవాడు కొత్తవాడు. ఇంజనుదేముంది, లారీలు బాగుచేసే మేస్త్రీ ఎవరైనా దాన్ని విప్పి, కడిగి, మళ్లీ తిప్పగలడు. నేను మాత్రం నేల మీద వెల్లకిలా పడుకొని కారు కిందికి పాకుతాను. కమాను పట్టీలు ఛాసిస్‌కు తగిలేచోట పేచ్‌కస్‌తో, అదే స్క్రూడ్రైవర్‌తో, పొడుస్తాను. టంగుమని మోగిందా, పైన రేకు ఎంత తినేసినా ఫికరు లేదు, అది చర్మరోగం. పేచ్‌కస్ మెత్తగా లోపలికి దిగి ఎర్రటి పొడి రాలిందా, ఇక లేచి బట్టలు దులుపుకోవడమే. ఎముకే పోయిన దానికి పైన రంగులేసి ఏం లాభం?

ఈ విద్య నాకు కార్ల దగ్గర అబ్బలేదు. కరీంనగర్‌లో మాది ఇనుప సామాన్ల దుకాణం. మా ఇంట్లో పిల్లలకు నడకకంటే ముందు బేరం వచ్చేది. కొనదలచుకున్న సరుకును మెచ్చుకోవడం మా బాపు దృష్టిలో బూతు మాట. నచ్చిన వస్తువు వైపు చూడకూడదు, పక్కనున్నదాన్ని తిప్పితిప్పి చూడాలి. నా పెళ్లిచూపుల్లో కూడా నేను అలవాటు కొద్దీ గోడ మీది క్యాలెండర్‌నే చూస్తూ కూర్చున్నాను. పిల్ల నచ్చలేదేమోనని వాళ్లు ఒకటే పరేషాన్. ఆ తర్వాత జీవితమంతా మా ఆవిడ చేతిలో అదే కొరడా.

"గా క్యాలెండర్‌నే చేస్కునేది ఉండె. గప్పుడు కట్నం గూడ అడగకపోతువి," అనేది.

ఎనభైల మొదట్లో పల్లెల్లోని దొరలు చాలామంది గడీలకు తాళాలు వేసి పట్నం చేరారు. మంచాలు, బీరువాలు లారీలెక్కాయి. ఎప్పుడో కదలడం మానేసిన విలాయతి కార్లు మాత్రం పశువుల కొట్టాల్లో, వడ్ల బస్తాల పక్కన, కోళ్లు గుడ్లు పెట్టుకోవడానికి మిగిలిపోయాయి. వాటిలో బతికేవాటిని ఏరి, బాగుచేయించి, హైదరాబాదు షోకు మనుషులకు అమ్మడం మొదలుపెట్టాను. కొన్నిట్లో లాభం చూశాను. మిగతావాటి సంగతి మా అన్నకు చెప్పలేదు.

అప్పుడే మా ఆవిడ పోయింది. మాకు పిల్లల్లేరు. అన్నవాళ్ల ఇంటినుంచి రెండు పూటలా టిఫిన్ డబ్బా వచ్చేది. దుకాణానికి పోతే అన్న కొడుకులు కుర్చీ చూపించేవాళ్లు. "కాకా, నువ్వు జర కూసోరాదు, మేం సూస్కుంటం గదా." కూర్చుని చూడటానికైనా ఏముంది? ధర అచ్చేసిన డబ్బాల కాలం వచ్చింది. వచ్చినవాడు డబ్బా తిప్పి చూసి, అంత మొత్తం లెక్కపెట్టి, మాటాపలుకూ లేకుండా పోతున్నాడు. అన్నం తినేటప్పుడు ఉప్పు తక్కువైందని అనడానికి కూడా నాకెదురుగా మనిషి లేడు.

కాగజ్‌నగర్‌లో ఒక ఆకుపచ్చ కారు ఉందని ఎవరో చెబితే, ఒక ఆదివారం పెద్దపల్లి దాకా బస్సులో, అక్కణ్నుంచి పాసింజరు రైల్లో పోయాను. దాని యజమాని ఒకప్పుడు అడవి వెదురు కాంట్రాక్టు చేసిన పెద్దమనిషి. అందరూ పటేలు అనేవాళ్లు, నేనూ అలాగే పిలిచాను. రేకుల షెడ్డు, దాని పక్కన రెండు గదుల ఇల్లు, అందులో ఆయనొక్కడు. భార్య పోయి చాలా కాలమైందట. పొయ్యి మీద జొన్న భాకరి ఆయనే కాల్చుకుంటున్నాడు.

షెడ్డులోకి పోయి కారు కింద పడుకున్నాను. పేచ్‌కస్ వెనక చక్రం దగ్గర పిడి దాకా దిగింది. నేల రేకు మీద చెయ్యి పెడితే మరమరాల్లా పలికింది. తీర్పు అక్కడే అయిపోయింది. లేచి, బట్టలు దులుపుకొని, రాం రాం చెప్పి సాయంత్రం బండి అందుకోవాలి. కానీ సాయంత్రం బండికి ఇంకా చాలా పొద్దుంది.

"ఎట్లున్నది?" అన్నాడు పటేలు.

"బండి ఏది పటేలా? నాకు అంతా తుప్పే, జంగే కనిపిస్తున్నది. జంగు నడుమ జర బండి ఉన్నట్టున్నది."

"సేటు, నువ్వు మంచి కొనెటోనివే. గింత తిట్టినవంటె నచ్చింది నీకు."

భుజం మీది తువ్వాల తీసి నా కుడిచేతి మీద కప్పి, దాని కింద నా వేళ్లు పట్టుకున్నాడు. పశువుల సంతలో బేరం ఇట్లాగే జరుగుతుంది. ఎన్ని వేళ్లు పట్టుకుంటే అంత ధర. పక్కన నిలబడ్డ దళారులకు తెలియకూడదని పైన తువ్వాల. ఆ షెడ్డులో మేమిద్దరం, గోడ మీద ఒక బల్లి తప్ప ఎవరూ లేరు.

"ఎవలు సూస్తున్నరని పటేలా గీ తువ్వాల?"

"ఎవలు సూడకున్న బేరం బేరమే గదా."

ఆయన చెప్పిన ధరకు నేను చెయ్యి విదిలించుకున్నాను. నేను చెప్పిన ధరకు ఆయన నవ్వి, "ఆకలైనట్టున్నది నీకు, ఏం మాట్లాడుతున్నవో తెలుస్తలేదు. పా, తిందాం," అన్నాడు. భాకరి, శనగపిండి పిట్ల, పచ్చి ఉల్లిగడ్డ. చాలా రోజుల తర్వాత డబ్బాలోది కాని తిండి.

తర్వాత నెలనెలా ఏదో ఒక ఆదివారం పోవడం అలవాటైంది. పోగానే కారు కింద పడుకొని ఏదో ఒక కొత్త జబ్బు కనిపెట్టి బయటికి వచ్చేవాణ్ని. ఎడమ తలుపు కింద చెయ్యి పట్టేంత బొక్క, హెడ్‌లైటు గిన్నెలో ఎలుక గూడు. పటేలు ప్రతి జబ్బుకూ ఒక జవాబు పెట్టుకొని ఉండేవాడు. "గాలి మంచిగస్తది." "ఎలుక ఫుకట్‌ల ఇస్త, తీస్కపో." ఆ తర్వాత తువ్వాల, వేళ్లు. నేను ఒక వేలు మీద అర వేలు పెంచితే ఆయన పావు దించేవాడు. ఇద్దరం పక్కా బేరగాళ్లం. గట్టిగా కూర్చుంటే ఒక్క పూటలో తెగే బేరాన్ని రెండేళ్లకు పైగా లాగాం.

బేరం తెగితే ఏమవుతుందో నాకు తెలుసు. కారు లారీ ఎక్కుతుంది, లేదా తుక్కు కొట్టుకు పోతుంది. ఎట్లయినా నేను మళ్లీ ఆ రైలెక్కడానికి కారణం ఉండదు. ఊరికే చూసిపోదామని వచ్చాను అనడం మా ఇంటా వంటా లేదు. సరుకు లేకుండా ఒకరి గుమ్మం ఎక్కడం మాకు చేతకాదు. అందుకే ఆ కారు బాగుచేయడానికి పనికొస్తుందా లేదా అనే మాట నేను ఎన్నడూ తేల్చి చెప్పలేదు, ఆయనా ఎన్నడూ అడగలేదు.

మూడో ఏడాది వానలు తగ్గిన తర్వాత పోయాను. పటేలు తలుపు తీయడానికి చాలాసేపు పట్టింది. మనిషి సగమయ్యాడు. మెడ చుట్టూ అంగీ కాలరు వదులుగా తిరుగుతోంది. జ్వరమొచ్చి పోయిందన్నాడు. షెడ్డులో కారు నేల రేకు ఒకవైపు ఊడి కింద పడి ఉంది. నేను కింద పడుకోలేదు. అవసరం లేకపోయింది.

"సేటు, బేరం జర పక్కకు పెట్టు," అన్నాడు. "గిది మళ్ల నడుస్తదా?"

"నడుస్తది పటేలా. ఎందుకు నడువది? మంచి బండి."

నా నోట అలాంటి మాట విని నేనే ఉలిక్కిపడ్డాను. ఆయన తువ్వాల తీసి కప్పి, మొదటి రోజు పట్టుకున్నన్ని వేళ్లే పట్టుకున్నాడు. ఇప్పటిదాకా ఆయనే దించుకుంటూ వచ్చిన ధరను మళ్లీ మొదటికి తెచ్చాడు. నేను చెయ్యి విదిలించాలి. దొంగతనం చేస్తున్నావా పటేలా అని అరవాలి. ఆయన వేళ్లు ఎండుపుల్లల్లా తగులుతున్నాయి.

"ఖాయం," అన్నాను.

ఆయన చెయ్యి లాక్కున్నాడు. తువ్వాల కింద పడింది. వంగి తీసుకోవడానికి కష్టపడుతుంటే నేను వంగబోయాను, వద్దని కసిరాడు.

"గిన్నొద్దులు తుక్కు తుక్కు అనుకుంట వస్తివి. ఇయ్యాల మంచి బండి అయ్యిందా? నన్ను సూసి ఖాయమంటున్నవ్, బండిని సూసి కాదు."

"గట్ల కాదు పటేలా..."

"జంగు బండికి పట్టింది. నాకు పట్టలే. నేనమ్మను, పో."

అడిగిన ధర ఇస్తానంటే అవమానపడే మనుషులు ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉంటారో లేదో నాకు తెలియదు. మా దుకాణాల్లో పెరిగినవాళ్లకు మాత్రం అది తెలుసు. బేరమాడటమంటే ఎదుటివాణ్ని గట్టివాడిగా లెక్కపెట్టడం. ఆడకుండా ఇచ్చేది భిక్షగాడికే. ఆ రోజు తినకుండానే తిరిగొచ్చాను. రైల్లో కిటికీ పక్కన కూర్చొని, ఆయనకు చెప్పవలసిన తిట్లన్నీ వరసగా గుర్తుచేసుకున్నాను.

కోపం తగ్గనిద్దామని కొన్నాళ్లు ఆగాను. అమావాస్య అని ఒకసారి, మోకాలు నొప్పి అని ఒకసారి నాకు నేనే సాకులు చెప్పుకున్నాను. చివరికి చలికాలంలో పోయేసరికి ఇంటికి తాళం ఉంది. పక్కింటావిడ గిన్నెలు తోముతూ తలెత్తింది.

"కరీంనగర్ సేటువి నువ్వేనా? పటేలు చాందాకు పోయిండు, చెల్లె ఇంటికి. దీపావళికి ముంగటనే."

"మళ్లెప్పుడు వస్తడు?"

"ఏమెరుక? సామాన్లు గూడ తీస్కపోయిండు. నువ్వస్తె బండి సూపెట్టుమన్నడు. ధర గదే, పైస గూడ తగ్గదన్నడు."

షెడ్డు తెరిచి ఉంది. ఈసారి నేల మీద పడుకొని కిందికి పాకి, ఈ చివరినుంచి ఆ చివరిదాకా పొడిచి చూశాను. ఛాసిస్ వెనకభాగం విరిగిపోయి, కారు వెనక్కి కూర్చుంది. పనికొచ్చే జానెడు ఇనుము ఎక్కడా తగల్లేదు. తుక్కువాడు కూడా మోసుకుపోయే కూలి చూసుకొని వద్దంటాడు.

బయటికి వచ్చాక ఆవిడ అడిగింది. "ఏమని చెప్పాలె మరి?"

"ముట్టుకుంటె రాలుతున్నదని చెప్పు. గా ధరకు పిచ్చోడు గూడ కొనడని చెప్పు. సగానికి గూడ ఎక్కువే, వచ్చి మాట్లాడుమను."

"గంతేనా?"

"గంతే. వచ్చే నెల మళ్లొస్త."

"గంత పాడైన బండికోసం మళ్లెందుకస్తవ్?" అని నవ్వి, జవాబు కోసం ఆగకుండా గిన్నెలు ఎత్తుకొని లోపలికి పోయింది.

పాసింజరుకు ఇంకా పొద్దుంది. స్టేషన్లో బెంచీ మీద ఒక ముసలాయన పక్కన కూర్చున్నాను. ఆయన చేతిలో చాటంత సంచి ఉంది. అందులో ఏముందో, ఎంతకు కొన్నాడో అడిగాను. అమ్మేది కాదన్నాడు.