పాస్‌పోర్టుకు పెట్టిన పసుపు

పోయిన వారం ఆధార్ సెంటరుకి వెళ్తే, అక్కడి అమ్మాయి నా పది వేళ్ళూ మార్చి మార్చి ఆ గాజు పలక మీద నొక్కించి, "మామ్మా, నీ వేలిముద్రలు అరిగిపోయినయ్, మిషను నిన్ను గుర్తుపట్టట్లా" అంది. నలభై ఏళ్ళు అంట్లు తోమి, బస్తాల కొద్దీ మిరపకాయలకి తొడిమలు తీసిన వేళ్ళు, అరక్క ఏం చేస్తయ్! వరసలో ఉన్నవాళ్ళు నవ్వారు, నేనూ నవ్వాను. కానీ కాగితాల బల్లకి అవతల కూర్చున్న మనిషి తల అడ్డంగా ఊపితే చాలు, నాకు అరికాళ్ళకి చెమటలు పడతయ్. ఈ జబ్బు నాకు ఎప్పుడు పట్టుకుందో బాగా తెలుసు. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు, అంతే.

ఎనభైల మధ్యలో సంగతి. నరసరావుపేటలో మా ఇంటి వెనక గది ఒకటి అద్దెకిచ్చేవాళ్ళం. మా ఆయనకి మాచర్లలో గవర్నమెంటు ఉద్యోగం, వారానికోసారి వచ్చేవాడు. ఇంట్లో నేనూ, మా అత్తయ్యా. ఆ గదిలోకి సూడాన్ దేశం నుంచి డిగ్రీ చదువుకోటానికొచ్చిన కుర్రాడొకడు దిగాడు. ఆరడుగులు దాటిన మనిషి, మా గుమ్మం వాడి నుదుటికి తగలని రోజు లేదు. మొదట్లో వీధిలో పిల్లలు వాణ్ణి చూట్టానికి గోడలెక్కితే అత్తయ్య చీపురు తీసుకుని తరిమేది. ఆమె లెక్కలో సూడాన్ అంటే వినుకొండకి అవతల ఇంకాస్త దూరం. "ఒరేయ్ అబ్బాయ్, మీ వైపు గోంగూర దొరుకుద్దా?" అని ఒకరోజు అడిగింది. దొరుకుద్ది, దాని పువ్వులు ఎండబెట్టి కాచుకుని తాగుతాం అన్నాడు వాడు. ఆకు వదిలేసి పువ్వులు తాగే దేశమా అని ఆమె ఎంత జాలిపడిందంటే, ఆ రోజునుంచీ వాడికి మా ఇంట్లో పచ్చడికి లోటు లేదు. మూడేళ్ళలో తెలుగంతా మా దగ్గరే నేర్చుకున్నాడు. అందుకే వాడి నోట్లో కూడా "ఏంది", "చానా" తప్ప వేరే మాట రాదు. వాడికి నేను అక్కని, అత్తయ్య మామ్మ.

అంత మనిషీ ఏడాదికోసారి పిల్లిలా అయిపోయేవాడు. ఇక్కడ ఉండటానికి వాడికొక పర్మిట్ ఉండేది. గడువయిపోయే లోపల పాస్‌పోర్టు పట్టుకుని గుంటూరులో పోలీసాఫీసుకెళ్ళి పొడిగించుకోవాలి. ఆ వారం వాడికి ముద్ద దిగేది కాదు. "ఆ కాగితం లేకపోతే నేనిక్కడ దొంగ కింద లెక్క అక్కా" అనేవాడు. వాళ్ళ దేశంలో అప్పుడు కరువు, కొట్లాటలు. ఇక్కడ డిగ్రీ అవగొట్టి, పై చదువూ ఇక్కడే చదవాలని వాడి ఆశ. చివరి ఏడాది, పరీక్షలు ఇంకా రెండు నెలలున్నయ్యనగా మళ్ళీ ఆ వారం వచ్చింది.

బయల్దేరే రోజు పొద్దున వాడు నీళ్ళు పోసుకోటానికి పోతూ పాస్‌పోర్టు మా వసారాలో బల్ల మీద పెట్టాడు. వాడి మొహం చూసి అత్తయ్యకి కడుపు తరుక్కుపోయింది. "ఏమే, దానికి కాస్త పసుపు పెట్టు, పని అవుద్ది" అంది. మా ఇంట్లో కొత్త చీరయినా, శుభలేఖయినా, ఆఖరికి పరీక్ష హాల్ టికెట్టయినా సరే, నాలుగు మూలలా పసుపు పడాల్సిందే. నేను తడి పసుపు వేలికి తీసుకుని అట్టకి అద్దాను. అక్కడితో ఆగితే బాగుండేది. పని జరిగేది లోపలి కాగితంతో గదా అని, పర్మిట్ ముద్ర వేసి ఉన్న పేజీ తీసి దాని మూలలకీ అద్దాను. ఒక మూల ఎక్కువైతే కొంగుతో తుడిచాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది! ముద్రలో గడువు తేదీ సిరాతో రాశారు. నేను తుడిచిన చోటే అది ఉంది. చూడను కూడా చూడలా, మూసి మళ్ళీ బల్ల మీద పెట్టాను. వాడూ చూసుకోకుండా సంచిలో వేసుకుని బస్సెక్కాడు.

సాయంత్రం వాడు తిరిగొచ్చి మెట్ల మీద కూలబడ్డాడు. పెదాలు తెల్లగా ఎండిపోయినయ్. గడువు దిద్దటానికే తేదీ చెరిపావని ఆఫీసరు అన్నాడంట. పాస్‌పోర్టు అక్కడే ఉంచేసుకున్నాడంట. ఇంట్లోవాళ్ళు పసుపు పెట్టినట్టున్నారు సార్ అంటే, అయితే రేపు వాళ్ళని తీసుకురా, జరిగింది రాసి సంతకం పెట్టాలి, లేకపోతే కేసు రాసి మీ దేశం పంపించేస్తాం అన్నాడంట. అత్తయ్య లేచి నిలబడింది. "చేసింది మనం, చెప్పుకోవాల్సింది మనం. పదరా, నేనొస్తా" అంది. మోకాళ్ళ నొప్పులతో పెరట్లోకి పోవటానికే గోడ పట్టుకునే మనిషి! నేనే వెళ్తాను, మీరుండండి అన్నాను. ఆ మాట అన్నప్పుడు నిజంగానే అన్నాను.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కాం. ఫిరంగిపురం దాటిందాకా చెప్పాల్సింది మనసులో అప్పజెప్పుకుంటూనే ఉన్నా. అయ్యా, తప్పు నాది, ఈ పిల్లాడికేం తెలీదు అని. ఆఫీసు గేటు దగ్గర తుపాకీతో ఒకడున్నాడు. వాడి పక్కన బల్లేసుకుని ఒక కానిస్టేబులు లోపలికెళ్ళేవాళ్ళ పేర్లు రాసుకుంటున్నాడు. నా ముందున్నావిణ్ణి "మొగుడి పేరేంది? ఏం చేస్తాడు?" అని గద్దించాడు. అంతే, నేను ఒక అడుగు వెనక్కేశాను. మొగుడి పేరు నోటితో పలకని రోజులు సరే, అది కాదు. ఆయన పేరూ ఉద్యోగమూ పోలీసుల పుస్తకంలోకి ఎక్కుద్ది, గవర్నమెంటు కాగితం చెరిపింది నీ పెళ్ళామేనా అని ఆయన్ని పిలిపిస్తారు, ఉద్యోగం ఊడుద్ది అనిపించింది. నన్ను లోపలే ఉంచేస్తారేమో అని కూడా అనిపించింది. "కడుపులో తిప్పుతుందిరా, నువ్వు పద, నేనొస్తా" అన్నాను.

వాడు నా మొహంలోకి చూశాడు. వాడికి అర్థమైంది. "ఎండగా ఉందక్కా, ఆ నీడలో కూచో" అని ఒక్కడే వెళ్ళాడు. ఎదురుగా సోడా కొట్టు బెంచీ మీద కూర్చుని, ఇదిగో లేస్తా, ఇదిగో లేస్తా అనుకుంటూ రెండు గంటలు గడిపాను. లేవలా.

వాడొచ్చి చెప్పాడు. పసుపు తనే పెట్టుకున్నానని, నిన్న భయపడి ఇంట్లోవాళ్ళ మీదికి నెట్టానని రాసి సంతకం పెట్టాడంట. ఈ దేశంలో మంచి పనికి ముందు ఇట్లా పెడతారు గదా, నేనూ నేర్చుకున్నా సార్ అన్నాడంట. ఆఫీసరు సగం నమ్మాడు. కేసు రాయలేదు, పాస్‌పోర్టు ఇచ్చేశాడు. కానీ పరీక్షలయ్యేదాకే పర్మిట్. ఆ తర్వాత ఒక్క రోజు కూడా పొడిగించేది లేదు, పై చదువు మాట మర్చిపో అన్నాడంట. "కేసు లేదు గదక్కా, చాల్లే" అని వాడే నన్ను ఓదార్చాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

మేం బస్సు దిగి ఇంటికొచ్చేసరికి అత్తయ్య వీధి గుమ్మంలోనే నిలబడి ఉంది. "చెప్పావటే?" అంది. నేను నోరు తెరిచే లోపల వాడే అందుకుని, "అక్క చానా బాగా చెప్పింది మామ్మా" అన్నాడు. నేను కాదనలా. ఆమె ఎండుమిరపకాయలూ ఉప్పూ తెచ్చి నాకు దిష్టి తీసింది. మా కోడలు పోలీసోళ్ళకి ఎదురు నిలబడి మాట్లాడొచ్చిందని వారం తిరక్కుండా వీధి వీధంతా చెప్పింది. అవతల వాడు గదిలో తలుపేసుకుని పరీక్షలకి చదువుకుంటున్నాడు. పరీక్షలయిన నాలుగో రోజున వెళ్ళిపోయాడు. రెండు ఉత్తరాలొచ్చినయ్, రెండిట్లోనూ మామ్మ మోకాళ్ళెట్లా ఉన్నయ్ అనే అడిగాడు. తర్వాత రాలేదు. బతికున్నాడో లేదో కూడా నాకు తెలీదు.

అత్తయ్య ఆ తర్వాత చానా ఏళ్ళు బతికింది. ఆఖరి రోజుల్లో ఆస్పత్రిలో, సూదెయ్యటానికొచ్చిన నర్సుకి నన్ను చూపించి, "దీనికి భయమంటే ఏందో తెలీదమ్మాయ్" అంది. అప్పుడన్నా చెప్పాల్సింది. ఆమె చెయ్యి పట్టుకుని నవ్వి ఊరుకున్నా. ఇప్పుడు నాకు అరవై ఆరు. మా ఆయన లేడు, ఊడిపోయే ఉద్యోగమూ లేదు. ఆ తప్పు నాదేనని ఎవరి ముందైనా నిలబడి చెప్పగలను. చెప్పగలిగే వయసొచ్చేసరికి వినాల్సినవాళ్ళు ఒక్కరూ మిగల్లేదు.